సిరామిక్ బొగ్గు గ్రిల్ కొనాలా, వద్దా? డబ్బు పెట్టే ముందు తేల్చుకోవలసినవి

అమెరికాలో ఇల్లు కొనుక్కుని, వెనకాల కాస్త పెరడు ఉన్న చాలా తెలుగు కుటుంబాల్లో రెండు మూడు వేసవులు గడిచేసరికి ఈ చర్చ మొదలవుతుంది. గుడ్డు ఆకారంలో, బరువుగా, మందమైన మూతతో ఉండే ఆ సిరామిక్ గ్రిల్ కొందామా అని. స్నేహితుల ఇంట్లో దానిమీద చేసిన చికెన్ తిని వస్తారు, రుచి నాలుకమీదే ఉంటుంది, ధర చూడగానే మాత్రం ఆగిపోతారు. బిగ్ గ్రీన్ ఎగ్, కమాడో జో, ప్రిమో, వీటిలో ఏది తీసుకున్నా ఎక్కువగా అమ్ముడయ్యే సైజుది స్టాండుతో కలిపి మామూలుగా వెయ్యి డాలర్ల దగ్గరో, పైనో ఉంటుంది. కొన్ని మోడళ్లు రెండు వేలకు దగ్గర పడతాయి.

అది మంచి వస్తువే, అందులో సందేహం లేదు. తేలాల్సింది అది మీకు మంచిదా కాదా అని. దాన్ని తేల్చడానికి నేను అందరినీ ముందుగా అడిగే ప్రశ్న ఒకటే: మీరు మూత వేసి వండేవారా, మూత తీసి వండేవారా? కింద చెప్పే అడుగులన్నీ ఈ ప్రశ్నకు నిజాయితీగా జవాబు వెతకడానికే.

అసలు ఇది చేసే పని ఏమిటి

జపాన్‌లో వంట పొయ్యిని కమాడో అంటారు, ఈ రకం గ్రిల్స్‌కు ఆ పేరు అక్కడి నుంచే వచ్చింది. అన్నం వండడానికి వాళ్లు వాడిన మూత ఉన్న గుండ్రటి మట్టి పొయ్యి ముషికమాడో. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అక్కడ పనిచేసిన అమెరికన్ సైనికులు వాటిని ఇళ్లకు తెచ్చుకున్నారు. ఎడ్ ఫిషర్ అనే వ్యాపారి 1974లో అట్లాంటాలో బిగ్ గ్రీన్ ఎగ్ కంపెనీ మొదలుపెట్టాడు. తొలిరోజుల్లో జపాన్ నుంచి తెప్పించిన మట్టి పొయ్యిలే అమ్మేవాడు. వేడికీ చలికీ అవి తొందరగా పగిలేవి. మట్టి బదులు గట్టి సిరామిక్ వాడడం మొదలయ్యాకే ఇవి ఏళ్ల తరబడి నిలిచే సరుకయ్యాయి. 2009లో మొదలైన కమాడో జో, అంతకుముందు నుంచే ఉన్న ప్రిమో కూడా జార్జియా రాష్ట్రానివే. అట్లాంటా చుట్టుపక్కల ఉండే మనవాళ్ల పెరళ్లలో ఇవి ఎక్కువగా కనిపిస్తాయంటే అందుకు ఈ చరిత్ర కూడా కొంత కారణం.

పనితీరు తెలిస్తే సగం నిర్ణయం అయిపోయినట్టే. గోడలు మందంగా ఉంటాయి కాబట్టి లోపలి వేడి బయటికి పోదు. వేడి పోదు కాబట్టి చిన్న నిప్పు చాలు. చిన్న నిప్పుకు కొద్దిపాటి గాలి సరిపోతుంది. లోపల గాలి తక్కువగా కదులుతుంది కాబట్టి మాంసంలోని తేమ అంతగా ఆవిరైపోదు. సిరామిక్ గ్రిల్ మీద చేసిన చికెన్ ఎండిపోకుండా ఉంటుందని అందరూ చెప్పుకునే మాట వెనకున్న కారణం ఇదే.

వేడిని అదుపు చేసేవి రెండే: కింద గాలి లోపలికి వచ్చే తలుపు, పైన పొగ బయటికి పోయే చిన్న తలుపు. ఆ రెండింటినీ సన్నగా తెరిచి ఉంచితే 225 నుంచి 250 డిగ్రీల ఫారిన్‌హీట్ దగ్గర (సుమారు 107 నుంచి 120 సెల్సియస్) రాత్రంతా నిలబడుతుంది. ఒకసారి బొగ్గు నిండా పోస్తే 12 గంటలకు పైగా మళ్లీ వేయకుండానే నడుస్తుంది. బాగా తెరిస్తే పిజ్జా కాల్చే 600, 700 డిగ్రీలకు కూడా ఎక్కుతుంది.

ఇక లోపం. వేడిని ఎంత బాగా పట్టుకుంటుందో అంత మొండిగా పట్టుకుంటుంది. 250 దగ్గర ఆపాలనుకుని ఏమరుపాటుగా 400కు పోనిస్తే, తిరిగి దింపడానికి గంట దాటుతుంది. వంట అయ్యాక రెండు తలుపులూ మూసేస్తే నిప్పు ఆరిపోతుంది, మిగిలిన బొగ్గు మర్నాటికి పనికొస్తుంది. కానీ గ్రిల్ ఒళ్లు మాత్రం చాలాసేపు వేడిగానే ఉంటుంది. చిన్నపిల్లలున్న ఇంట్లో ఇది మరిచిపోకూడదు.

మొదటి అడుగు: పోయిన ఏడాది బయట ఏం వండారో రాసుకోండి

ఏం వండాలనుకుంటున్నారో రాయకండి, ఏం వండారో రాయండి. ఊహలో మనమందరం వారం వారం పొగబెట్టిన మాంసం చేసేవాళ్లమే. ఫోన్‌లో ఫొటోలు వెనక్కి తిప్పి చూస్తే నిజం తెలుస్తుంది. ప్రతి వంట పక్కనా మూడు విషయాలు పెట్టండి: ఎంతమందికి చేశారు, ఎంతసేపు పట్టింది, ఆ సమయంలో మూత ఎక్కువసేపు మూసి ఉందా, తెరిచి ఉందా.

గ్రిల్ ఇప్పటిదాకా లేనివాళ్లు ఇంట్లో ఓవెన్‌లో చేసినవాటిని రాసుకోండి. గంట దాటి ఓవెన్‌లో పెట్టే వంటలు మీ ఇంట్లో ఉన్నాయా లేవా అన్నది చాలా చెబుతుంది.

రెండో అడుగు: మన తిండితో సరిపోల్చండి

ఎక్కువ ఆలోచించాల్సింది ఇక్కడే. సిరామిక్ గ్రిల్ గురించి దొరికే సలహాలన్నీ బ్రిస్కెట్, పోర్క్ షోల్డర్, పిజ్జా చుట్టూ తిరుగుతాయి. మన ఇళ్లలో బయట వండేది వేరు.

సీక్ కబాబులు, టిక్కాలు, చిన్న ముక్కల చికెన్. మన పార్టీల్లో ఎక్కువగా నడిచేవి ఇవే. చువ్వలకు గుచ్చి, నిప్పులమీద పెట్టి, రెండు మూడు నిమిషాలకోసారి తిప్పుతూ, వెన్న రాస్తూ ఉంటాం. అంటే మూత తెరిచే ఉంటుంది. మూత తెరిచిన సిరామిక్ గ్రిల్‌కీ మామూలు ఇనుప గ్రిల్‌కీ తేడా దాదాపు ఉండదు. పైగా ఒక ఇబ్బంది తోడవుతుంది: మూత తెరిచినంతసేపూ బొగ్గుకు గాలి ఆడి నిప్పు రాజుకుంటూ పోతుంది, మొదటి వాయికీ మూడో వాయికీ వేడి ఒకలా ఉండదు. మీ జాబితాలో పదికి ఎనిమిది ఇలాంటివే అయితే నా మాట వినండి, సిరామిక్‌కు పెట్టే డబ్బు దండగ.

కోడి మొత్తంగా, ఎముకతో ఉన్న లెగ్ పీసులు, మేక తొడ, మటన్ షోల్డర్. ఇక్కడ సిరామిక్ తన విలువ చూపిస్తుంది. పెరుగు, అల్లం వెల్లుల్లి, కారం పట్టించిన కోడిని 375 డిగ్రీల దగ్గర నిప్పుకు నేరుగా తగలకుండా పెట్టి మూత వేస్తే, గంటా గంటన్నరలో తోలు ఎర్రగా కాలి, రొమ్ము ముక్క కూడా రసంతో ఉంటుంది. లోపలి ఉష్ణోగ్రత 165 డిగ్రీలకు రావాలి, అది థర్మామీటర్‌తోనే తెలుసుకోవాలి. మేక షోల్డర్‌ను 250 దగ్గర ఆరేడు గంటలు వదిలేసి, లోపల 195 నుంచి 200 దాకా రానిస్తే ఎముక నుంచి ఊడి వస్తుంది. ముదురు మాంసానికి ఇంతకంటే మంచి దారి నాకు తెలియదు. ఓవెన్‌లోనూ మెత్తబడుతుంది, కానీ ఆ బొగ్గు వాసన రాదు.

నాన్, రొట్టె. చాలామంది దీన్ని తందూర్‌తో కలిపి చూస్తారు. రెండూ మందపాటి గోడల పొయ్యిలే, బొగ్గుతోనే నడుస్తాయి, అక్కడితో పోలిక ఆగిపోతుంది. తందూర్ పైన తెరిచి ఉంటుంది, నాన్‌ను వేడెక్కిన లోపలి గోడకే అతికిస్తారు. సిరామిక్ గ్రిల్ గోడకు అతికించే వీలు లేదు. పిజ్జా రాయి పెట్టి, 600 డిగ్రీలకు తెచ్చి, దానిమీద వేయాలి. నాన్ బాగానే వస్తుంది, పైన మచ్చలు కూడా పడతాయి. కానీ ఒక్కో వాయికి ఒకటో రెండో పడతాయి, ఆ రాయి వేడెక్కడానికే ముప్పావు గంట పట్టవచ్చు. పిజ్జా కూడా తరచూ చేసే ఇల్లయితే లెక్క కుదురుతుంది. నాన్ కోసమే అయితే కుదరదు.

దమ్ బిర్యానీ. డచ్ ఓవెన్‌లో, అంటే మూత ఉన్న మందపాటి ఇనుప గిన్నెలో, బిర్యానీ పెట్టి, అంచుకు పిండి రాసి మూసి, గ్రిల్‌లో 325 దగ్గర ఉంచితే చుట్టూ సమానంగా వేడి తగిలి అడుగంటకుండా వస్తుంది. నిజమే. కానీ పిండితో మూసిన గిన్నెలోకి బొగ్గు వాసన వెళ్లదు. ఇంట్లో ఓవెన్ ఇచ్చే ఫలితమే ఇదీ ఇస్తుంది. బిర్యానీ కోసం సిరామిక్ గ్రిల్ కొంటున్నామనే మాటను నేను ఒప్పుకోను. హలీం సంగతి వేరు. గంటల తరబడి సన్నటి వేడి కావాలి కాబట్టి మూత లేని గిన్నెలో పెడితే పొగ పట్టి మంచి రుచి వస్తుంది. మధ్యమధ్య కలపడానికి మూత తీయక తప్పదు, తీసినప్పుడల్లా వేడిని మళ్లీ సరిచూసుకోవాలి.

వంకాయ, మొక్కజొన్న, టమాటా, పనీర్. కాల్చిన వంకాయ పచ్చడికి బొగ్గుమీద కాల్చిన వంకాయను మించింది లేదు. కానీ అది ఏ కుంపటిమీదైనా వస్తుంది. కూరగాయలు మాత్రమే వండే ఇంటికి సిరామిక్ గ్రిల్ అవసరం చాలా తక్కువ.

ఇంకో మాట, మన ఇళ్లలో తప్పక ఆలోచించాల్సింది. శాకాహారులు కూడా వచ్చే ఇల్లయితే జాలీ ఒకటి విడిగా కొనుక్కోవచ్చు, చాలామంది అదే చేస్తారు. అయితే మాంసం వండిన కొవ్వు, పొగ లోపలి గోడకూ మూతకూ పట్టి ఉంటాయి. సబ్బు పెట్టి కడగడానికి లేదు, ఎందుకంటే సిరామిక్ ఆ వాసన పీల్చేస్తుంది. నిష్ఠగా ఉండే పెద్దవాళ్లకు ఇది అభ్యంతరమైతే వాళ్ల పనీర్‌కు చిన్న గ్యాస్ గ్రిల్ పక్కన పెట్టుకోవడమే మర్యాద.

మూడో అడుగు: ఎంతమందికి

ఎక్కువగా అమ్ముడయ్యే సైజుల్లో జాలీ అడ్డుకొలత సుమారు 18 అంగుళాలు. విస్తీర్ణం 255 చదరపు అంగుళాల దగ్గర ఉంటుంది. రెండు వందల యాభై డాలర్ల లోపు దొరికే 22 అంగుళాల వెబర్ కెటిల్‌కు (మూత ఉన్న గుండ్రటి మామూలు ఇనుప బొగ్గు గ్రిల్) 363 చదరపు అంగుళాలు. అంటే నాలుగైదు రెట్లు డబ్బు పెట్టి చిన్న జాలీ కొంటున్నాం. పాతికమందికి లెగ్ పీసులు ఒకేసారి కాల్చాలనుకునేవాళ్లకు ఇది పెద్ద దెబ్బ.

ఇంట్లో నలుగురైదుగురు, అప్పుడప్పుడూ పదిమంది అయితే 18 అంగుళాలది సరిపోతుంది. థాంక్స్‌గివింగ్‌కు 20 పౌండ్ల టర్కీ ఒకటి అందులో పడుతుంది. ఎప్పుడూ ఇద్దరికే వండే ఇల్లయితే 15 అంగుళాల మీడియం చూడండి. 24 అంగుళాల ఎక్స్‌ట్రా లార్జ్ మీద నాకు అంత మక్కువ లేదు. వేడెక్కడానికి ఎక్కువ బొగ్గు, ఎక్కువ సమయం తీసుకుంటుంది, నలుగురికి వండిన రోజున కూడా అంతే తీసుకుంటుంది. పెద్ద పార్టీలే మీ అవసరమైతే ఒక పెద్ద సిరామిక్ కన్నా ఒక కెటిల్, ఒక గ్యాస్ గ్రిల్ కలిపి ఎక్కువ పని చేస్తాయి, ఖర్చూ తక్కువే.

నాలుగో అడుగు: పెట్టే చోటు

అపార్ట్‌మెంట్‌లో ఉంటే ఇక్కడే ఆగి లీజు కాగితం చదవండి. చాలా నగరాలు అనుసరించే అంతర్జాతీయ అగ్నిమాపక నియమావళి ప్రకారం, అపార్ట్‌మెంట్లలో మండే స్వభావమున్న బాల్కనీలమీదా, మండే గోడలకు 10 అడుగుల లోపలా బొగ్గు గ్రిల్ వాడకూడదు. ఒకటి రెండు కుటుంబాల ఇళ్లకు మినహాయింపు ఉంది. టౌన్‌హోమ్‌లో ఉంటే కాలనీ సంఘం నియమాలు ఇంకా కఠినంగా ఉండొచ్చు, ముందే అడగండి.

సొంత ఇంట్లో చూడాల్సింది నేల. సిరామిక్ గ్రిల్‌ను చెక్క డెక్‌మీద నేరుగా పెట్టకూడదు. కాళ్లున్న స్టాండు కావాలి, అయినా కింద నుంచి నిప్పురవ్వ పడొచ్చు కాబట్టి రాతి పలకో, మంట అంటని చాపో వేయాలి. చెక్క టేబుల్‌లో అమర్చుకుంటే అడుగున పేవర్ రాయి తప్పనిసరి. పైకప్పు కిందికో గ్యారేజీలోకో తోసి వండడం ఏ పరిస్థితిలోనూ వద్దు. వాన పడుతోందని గ్యారేజీ తలుపు తెరిచి పెట్టి వండినా బొగ్గు నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ ప్రాణాలు తీస్తుంది.

బరువు కూడా చోటు లెక్కలోకే వస్తుంది. బిగ్ గ్రీన్ ఎగ్ లార్జ్ ఒక్కటే 162 పౌండ్లు, అంటే 73 కిలోలు. రెండు మూడేళ్లకోసారి ఇల్లు మారే వీసా జీవితంలో ఉన్నవాళ్లు ఇది గట్టిగా ఆలోచించాలి. ట్రక్కులో పగిలితే వారంటీ వర్తించదు. ఇల్లు స్థిరపడేదాకా ఆగడంలో నష్టమేమీ లేదు.

ఐదో అడుగు: పూర్తి ఖర్చు లెక్క వేయండి

షాపులో రాసి ఉన్న ధర గ్రిల్‌ది మాత్రమే కావచ్చు. కొన్ని కంపెనీలు స్టాండు విడిగా అమ్ముతాయి, కొన్ని అన్నీ కలిపి ఇస్తాయి. కాబట్టి రెండు మోడళ్లు పోల్చేటప్పుడు ఈ వస్తువులన్నీ ఉన్నాయో లేవో చూసి పోల్చండి: స్టాండు లేదా బండి, నిప్పుకూ మాంసానికీ మధ్య అడ్డుగా పెట్టే సిరామిక్ పలక, కవర్, బూడిద లాగే గరిట, మాంసంలో గుచ్చే థర్మామీటర్. ఆ అడ్డుపలక లేకపోతే కోడి మొత్తంగా చేయలేరు, గ్రిల్ కొన్న ప్రయోజనమే ఉండదు. ఇవన్నీ విడిగా కొంటే మూడు నాలుగు వందల డాలర్లు సులువుగా దాటుతాయి.

ఇప్పుడు వాడకంతో భాగించండి. అన్నీ కలిపి 1,600 డాలర్లు అయిందనుకుందాం, పదేళ్లు వాడతారనుకుందాం. ఏడాదికి 40 సార్లు వండితే ఒక్కో వంటకు 4 డాలర్లు పడుతుంది, ఇది మంచి బేరం. ఏడాదికి ఆరుసార్లే వండితే ఒక్కో వంటకు దాదాపు 27 డాలర్లు. అదే ఆరుసార్లకు, సామాన్లతో కలిపి 300 డాలర్లయ్యే కెటిల్ అయితే 5 డాలర్లు. మొదటి అడుగులో రాసుకున్న జాబితాలో మూత వేసి వండిన వంటలనే ఈ లెక్కలో పెట్టండి. మూత తీసి చేసినవి ఏ గ్రిల్ మీదైనా వచ్చేవే.

బొగ్గు ఖర్చు గురించి టెన్షన్ వద్దు. ఇందులో లంప్ బొగ్గే (కట్టెను కాల్చి చేసిన ముక్కల బొగ్గు) వాడాలి, అది బ్రికెట్ల (పొడిని అచ్చుపోసిన బొగ్గు బిళ్లలు) కన్నా ఖరీదే. కానీ తక్కువ కాలుతుంది, మిగిలింది మళ్లీ వాడుకోవచ్చు, కాబట్టి చివరికి పెద్ద తేడా రాదు. గ్యాస్కెట్, అంటే మూత అంచున ఉండే ఆ మెత్తటి పట్టీ, కొన్నేళ్లకు అరిగిపోతుంది. మార్చడం ఇంట్లో చేసుకోగలిగే చిన్న పని.

ఆరో అడుగు: బదులుగా ఏవి ఉన్నాయి

వెబర్ కెటిల్. 1952లో వచ్చిన ఆకారం, ఇప్పటికీ దాన్ని మించిన చవకైన బొగ్గు గ్రిల్ లేదు. బొగ్గును ఒక పక్కకు నెట్టి రెండో పక్కన నిదానంగా వండొచ్చు. ఈ పని గుండ్రటి చిన్న సిరామిక్‌లో అంత సుఖంగా కుదరదు. సగం చందమామ ఆకారపు పలకలున్న మోడళ్లు కొంతవరకు చేస్తాయి. కబాబులకైతే కెటిల్‌నే తీసుకోమంటాను. కాకపోతే ఆరేడు గంటల వంటకు మధ్యమధ్య బొగ్గు వేస్తూ, వేడిని కనిపెట్టుకుని ఉండాలి.

ఇనుప కమాడో. చార్-గ్రిల్లర్ ఆకోర్న్ లాంటివి రెండు పొరల ఇనుముతో చేస్తారు, మధ్యలో వేడి పోకుండా పొర ఉంటుంది. నాలుగు వందల డాలర్ల చుట్టుపక్కల దొరుకుతుంది, సిరామిక్ కన్నా బాగా తేలిక, కిందపడితే పగలదు. సిరామిక్ చేసే పనిలో చాలా భాగం ఇది చేస్తుంది. తుప్పు పడుతుంది, సిరామిక్ అంత కాలం రాదు. ఇల్లు మారే అవకాశం ఉన్నవాళ్లకూ, ఈ రకం వంట నచ్చుతుందో లేదో తేల్చుకోవాలనుకునేవాళ్లకూ నేను చెప్పేది ఇదే.

గ్యాస్ గ్రిల్. ఆఫీసు నుంచి వచ్చి ఇరవై నిమిషాల్లో వండాలంటే ఇదే. సిరామిక్‌ను వెలిగించి, వేడి నిలబడేదాకా ఆగడానికి అరగంట పడుతుంది. వారం మధ్యలో ఆ ఓపిక అందరికీ ఉండదు.

పెల్లెట్ గ్రిల్ చెక్కపొట్టు గుళికలను కాలుస్తుంది, కరెంటుతో నడుస్తుంది, వేడిని అదే చూసుకుంటుంది. నిప్పుతో పని నచ్చనివాళ్లకు సుఖం. మాంసం పైన నల్లగా కాల్చడంలో మాత్రం సిరామిక్‌తో పోటీ పడలేదు.

చలి ప్రాంతాలవాళ్లకు ఒక మాట. మిన్నియాపోలిస్, షికాగో, డెట్రాయిట్ వైపు శీతాకాలంలో కూడా బయట వండే అలవాటుంటే, మందపాటి గోడల విలువ డాలస్‌లో కన్నా అక్కడ ఎక్కువ. గాలికీ చలికీ పల్చటి ఇనుప గ్రిల్ వేడి నిలవదు, సిరామిక్ నిలుస్తుంది. కవర్ వేసి తడవకుండా చూసుకోవాలి. సిరామిక్ నీరు పీల్చి, ఆ నీరు గడ్డకడితే పగుళ్లు రావచ్చు. గడ్డకట్టే చలిలో వెలిగిస్తే వేడిని మెల్లగా పెంచాలి.

ఏడో అడుగు: కొనే ముందు ఒక్కసారి దానిమీద వండండి

తినడం కాదు, వండడం. గ్రిల్ ఉన్న స్నేహితుల ఇంటికి మాంసం మీరే తీసుకెళ్లండి, వెలిగించడం నుంచి బూడిద తీయడం దాకా మీ చేతులతో చేస్తామని అడగండి. బావగారో, ఆఫీసులో అన్నో ఎవరో ఒకరు ఒప్పుకుంటారు. ఆ రోజు రెండు విషయాలు గమనించండి. వేడి నిలబడేదాకా తలుపులను ఇంచు ఇంచుగా జరపడం మీకు ఇష్టంగా ఉందా, విసుగ్గా ఉందా? కోడి లోపల ఉన్న గంటా మూత తీయకుండా ఉండగలిగారా? మనవాళ్లలో చాలామందికి ఐదు నిమిషాలకోసారి మూత తీసి చూసే అలవాటు. ఆ అలవాటు మారదనిపిస్తే కెటిల్‌తోనే హాయిగా ఉండండి.

ఎనిమిదో అడుగు: ఎలా కొనాలి

కొత్తదైతే అధీకృత డీలర్ దగ్గరే కొనండి. బిగ్ గ్రీన్ ఎగ్ సిరామిక్ భాగాలకు జీవితకాల వారంటీ ఉంది, కానీ అది అధీకృత డీలర్ దగ్గర కొన్న మొదటి యజమానికే. డీలర్లు నడిపే ఎగ్‌ఫెస్ట్ వంటల పండుగల్లో ఆ ఒక్కరోజు వాడిన గ్రిల్స్‌ను తగ్గింపు ధరకు అమ్ముతారు, వీటిని ముందే బుక్ చేసుకోవాలి. కాస్ట్‌కోలో కమాడో జో అప్పుడప్పుడు అన్ని సామాన్లతో కలిపి వస్తుంది. ఐదో అడుగులో చెప్పిన వస్తువులు లెక్కపెట్టి చూస్తే అది బేరమో కాదో తెలుస్తుంది.

పాతవి కూడా మంచి బేరమే, వారంటీ రాదని తెలిసి కొంటే. వెళ్లినప్పుడు లోపలి సామాను అంతా బయటికి తీయించి చూడండి. పైపూతలో సన్నటి గీతల వల ఉంటే భయపడక్కర్లేదు, అది మామూలే. బొగ్గు పోసే లోపలి గిన్నెలో ఒక పగులు ఉన్నా చాలావరకు పని ఆగదు, ఆ భాగం విడిగా మార్చుకోవచ్చు. బయటి గోడలోనో మూతలోనో ఇటు నుంచి అటు దాకా పోయిన పగులు ఉంటే వదిలేసి రండి. మూతను పట్టుకున్న ఇనుప పట్టీల బోల్టులు బిగువుగా ఉన్నాయా చూడండి. అవి వదులైతే మూత జారిపడి పగులుతుంది. మూత మూసి చుట్టూ చూడండి, రెండు అంచులూ సరిగ్గా కలవాలి.

తెచ్చుకునేటప్పుడు లోపలి భాగాలు, పైనున్న పొగ తలుపు విడదీసి దుప్పట్లలో చుట్టండి. ఇద్దరు మనుషులు కావాలి. ఒకరు కింది గాలి తలుపు సందు దగ్గర, ఇంకొకరు వెనక అడుగున పట్టుకోవాలి. వెనక ఉన్న కీలునో, పక్క బల్లలనో పట్టుకుని ఎత్తకూడదు.

కొన్నాక మొదటి నెల

మొదటి కొన్ని వంటలు 350 డిగ్రీలు దాటనివ్వకండి. కొత్త గ్యాస్కెట్ జిగురు ఇంకా గట్టిపడదు, తొలిరోజే పిజ్జా వేడికి తీసుకుపోతే ఊడివస్తుంది. కోడితో మొదలుపెట్టండి.

వెలిగించడానికి లైటర్ ఫ్లూయిడ్ అసలు వాడొద్దు. ఆ వాసన సిరామిక్‌లోకి ఇంకి ఎన్నో వంటల దాకా వదలదు. మైనపు ముక్కలో, కరెంటు స్టార్టరో చాలు. లక్ష్యం 250 అయితే 200 దాటగానే తలుపులు సన్నగా చేయడం మొదలుపెట్టండి. పైకి వెళ్లడం దానికి సులువు, కిందికి రావడం కష్టం.

400 దాటి ఉన్నప్పుడు మూతను ఒక్కసారిగా ఎత్తకండి. గాలి లేక నిద్రపోతున్న నిప్పుకు ఒక్కసారి గాలి తగిలితే మంట బయటికి కొడుతుంది, చేతి వెంట్రుకలూ కనుబొమలూ కాలిపోయినవాళ్లు ఉన్నారు. ముందు రెండు అంగుళాలు ఎత్తి, కొన్ని సెకన్లు ఆగి, అప్పుడు పూర్తిగా తీయండి. ఇంట్లో గ్రిల్ దగ్గరికి వెళ్లే ప్రతి ఒక్కరికీ, పిల్లలకు కూడా, దీన్ని చేసి చూపించండి.

నూనె, పెరుగు కారే మన మసాలాలకు అడ్డుపలక మీద ఒక అల్యూమినియం ట్రే పెట్టండి. లేకపోతే పడిన మసాలా మాడి చేదు పొగ వస్తుంది. ట్రేకూ పలకకూ మధ్య కాస్త ఎత్తు ఉంటే ఇంకా మంచిది.

బూడిదను ప్రతి రెండు మూడు వంటలకోసారి కింది తలుపు నుంచి లాగేయండి. బూడిద నిండితే గాలి అందదు, వేడి ఎక్కదు, గ్రిల్ పాడైందేమో అనిపిస్తుంది. చల్లారిందనుకున్న బూడిదలోనూ నిప్పు దాగి ఉంటుంది కాబట్టి మూత ఉన్న ఇనుప బక్కెట్లోకే తీయండి, ప్లాస్టిక్ చెత్తడబ్బాలోకి వద్దు. లోపల బూజు కనిపిస్తే, తేమ ఉన్న ఊళ్లలో వాడకుండా వదిలేస్తే ఇది తప్పదు, పాత బొగ్గు తీసేసి, కొత్త బొగ్గుతో బాగా వేడిచేసి కాల్చేయండి. తర్వాత జాలీని బ్రష్‌తో రుద్ది, మామూలుగా వండుకోవచ్చు.